నేల విడిచి సాము వద్దు, ముందు పడటం నేర్చుకో

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 31 ఏళ్లు, 84 కిలోలు, ఊరు ప్రొద్దుటూరు, ఉద్యోగం బెంగళూరులో మారతహళ్లి దగ్గర. స్కూల్లో పీటీ పీరియడ్ తర్వాత ఒంటికి చెమట పట్టేలా ఏదీ ఆడలేదు. పోయిన నెల ఒక జూడో క్లాసుకు ట్రయల్‌కి వెళ్లావు. వార్మప్‌లోనే ఊపిరాడలేదు. తర్వాత పదిహేనేళ్ల పిల్ల నిన్ను వరసగా మూడుసార్లు పడేసింది. అందరూ నిన్నే చూస్తున్నారనిపించి, నీళ్లు తాగే వంకతో బయటికొచ్చి బండి ఎక్కేశావు. మళ్లీ అటు వెళ్లలేదు. ఇప్పుడు అడుగుతున్నావు: వయసు దాటిపోయిందా? జూడోనా, కరాటేనా, ఇంకోటా? ఏడాదిన్నరలో బ్లాక్ బెల్ట్ ఇస్తామంటున్న వేరే సెంటర్‌లో చేరాలా? మీ ఆవిడ కూడా వస్తానంటోంది, తీసుకెళ్లొచ్చా? "అక్కలూ అన్నలూ, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి" అన్నావు కాబట్టి అక్కగానే, నువ్వు అనే రాస్తున్నాను.

నాది హిందూపురం. 1998లో ఉద్యోగం మీద బెంగళూరు వచ్చాను. 26 ఏళ్లకు జూడో మొదలుపెట్టాను, ఇప్పటికీ వారానికి మూడు సాయంత్రాలు మ్యాట్ మీదే ఉంటాను. మా హాల్లో కొత్తగా చేరే పెద్దవాళ్ల బ్యాచ్ నేనే చూసుకుంటాను. అందులో సగం మంది మనవాళ్లే, వైట్‌ఫీల్డ్ నుంచి, కేఆర్ పురం నుంచి, బీటీఎం నుంచి వస్తారు. నీలాగే నీళ్ల బాటిల్ చేత్తో పట్టుకుని గుమ్మం వైపు చూసేవాళ్లు ప్రతి నెలా ఒకరిద్దరు ఉంటారు. వాళ్ల దగ్గరికి వెళ్లి రెండు మాటలు మాట్లాడితే చాలామంది ఆగిపోతారు. నీకు ఆ రోజు అలా మాట్లాడేవాళ్లు దొరకలేదు. ఆ మాటలు ఇప్పుడు చెప్తాను.

ముందు ఊపిరి సంగతి. కొత్తగా వచ్చినవాళ్లు ఎదుటి మనిషి కాలర్ పట్టుకోగానే తెలియకుండానే ఊపిరి బిగబడతారు. పిడికిళ్లు బిగుసుకుంటాయి, భుజాలు చెవుల దాకా లేస్తాయి, ఒంట్లో ఉన్న కండలన్నీ ఒక్కసారే పనిలోకి దిగుతాయి. అలా రెండు నిమిషాలు ఉంటే రోజూ కబ్బన్ పార్కులో ఐదు కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లకైనా రొప్పు వస్తుంది. మా బ్యాచ్‌లో హాఫ్ మారథాన్‌లు పరిగెత్తే అమ్మాయి ఒకామె మొదటి రోజు పది నిమిషాలకే గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమెకు దమ్ము లేకనా? బిగువు వల్ల వచ్చిన రొప్పు అది. ఇంకో ఏడెనిమిది క్లాసులు వెళ్తే, భయం తగ్గినకొద్దీ పిడికిలి వదులవుతుంది, పిడికిలి వదులైనకొద్దీ ఊపిరి దానంతటదే వస్తుంది. అంతవరకు ఒక చిన్న పని చెయ్యి: ఏ కదలికకైనా నోటితో 'హుఫ్' అని వినిపించేలా గాలి వదులు. గాలి వదలడం మర్చిపోకపోతే పీల్చడం ఎవరూ మర్చిపోరు.

ఇక ఆ పిల్ల. ఆమె చిన్నప్పటి నుంచి మ్యాట్ మీద పెరిగి ఉంటుంది. నువ్వు ఆమెను నెట్టి ఉంటావు, కొత్తవాళ్లందరూ నెడతారు. నెట్టగానే నీ బరువు నీ కాలివేళ్ల మీదికి వచ్చేస్తుంది. ఆమె ఎదురు నెట్టదు. నీ నెట్టుడుతోపాటే అర అడుగు వెనక్కి జరిగి, నీ చొక్కా చెయ్యి తన వైపు లాక్కుని, నడుం తిప్పుతుంది. నీ 84 కిలోలు నువ్వే తీసుకెళ్లి ఆమె వీపు మీద పెట్టినట్టు. జపాన్ వాళ్లు దీన్ని కుజుషి అంటారు, ఎదుటివాడి నిలకడ చెడగొట్టడం అని అర్థం. అది బలంతో వచ్చే విద్య అయితే పదిహేనేళ్ల పిల్లకు సాధ్యమయ్యేదే కాదు. బలం కాదు కాబట్టే నీకూ వస్తుంది. ఆ పిల్ల చేతిలో పడ్డందుకు నువ్వు సిగ్గుపడ్డావు, నేనైతే ఆ క్లాసు మంచిదని నమ్మడానికి అదే మొదటి గుర్తు అంటాను. మూడుసార్లు పడినా నీకు దెబ్బ తగిలిందని ఎక్కడా రాయలేదు. అంటే పడేసిన ప్రతిసారీ నీ చెయ్యి వదలకుండా పైకి పట్టి, నిన్ను మెల్లగా దించింది. ఆ పిల్లకు అది ఎవరో ఓపికగా నేర్పారు.

నిన్ను చూసినవాళ్ల గురించి ఒక్క మాట. నిజమే, చూస్తారు. రెండో నెలలో ఉన్నవాడు నిన్ను చూసి తన మొదటి రోజు గుర్తు చేసుకుంటాడు. పాతవాళ్లు నీ మెడ చూస్తారు, పడేటప్పుడు తల వెనక్కి వాలుతోందా లేదా అని. నేనూ అదే చూస్తాను. ఇన్నేళ్లలో కొత్తవాళ్లను చూసి నాకు కంగారు పుట్టిందంటే అది లావుగా ఉన్నవాళ్లను చూసో రొప్పేవాళ్లను చూసో కాదు. జిమ్‌లో పెంచిన కండలతో వచ్చి, పడకుండా ఉండటానికి చివరిదాకా పెనుగులాడేవాళ్లను చూసి.

వయసు, బరువు గురించి ఎక్కువ రాయను. 31 అసలు లెక్కలోకి రాదు. నా బ్యాచ్‌లో యాభైలు దాటి మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు. బరువు తగ్గించుకుని చేరతానంటే ఎప్పటికీ చేరవు, చేరితే అదే కొంత తగ్గుతుంది. బీపీ, షుగర్ ఉన్నా, మెట్లెక్కితే గుండెలో పట్టేసినట్టున్నా, పాత మోకాలి దెబ్బ ఉన్నా ఒకసారి డాక్టరుకు చూపించుకుని, ఆ మాట మాస్టరుకు ముందే చెప్పు. అంతే. జూడోని మొదలుపెట్టిన కానో జిగోరో కూడా పొట్టి మనిషి, బక్కపలచని పిల్లాడు, స్కూల్లో పెద్ద పిల్లలు ఏడిపిస్తుంటే తట్టుకోలేక 1877లో జుజుట్సు (జపాన్ పాత మల్లవిద్య) గురువును వెతుక్కున్నాడు. 1882లో టోక్యోలో ఒక బౌద్ధాలయంలో తన సొంత శిక్షణ మొదలుపెట్టినప్పుడు ఉన్నది 12 చాపల చోటు. మన లెక్కలో 200 చదరపు అడుగులు, నీ ఫ్లాటులో హాలంత. మొదటి ఏడాది చేరింది తొమ్మిది మంది. ఆ గదిలో మొదలైనదే కొడోకాన్, జూడోకు మూల పాఠశాల.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న మాట. ఏ విద్య ఎంచుకున్నా, ఏ సెంటర్‌లో చేరినా, నీ మొదటి నెల పడటానికి ఇవ్వు. మన భాషలో 'నేల విడిచి సాము' అన్న మాట ఉంది చూడు, అది ఊరికే పుట్టలేదు. సాము గరిడీలున్న ఊళ్లలో కొత్తగా చేరిన కుర్రాడి చేత ముందు గరిడీలోని మట్టి తవ్వించేవాళ్లు. గుల్లగా, మెత్తగా అయ్యేదాకా. ఇక్కడ బెంగళూరు పాత పేటల్లోని గరడి మనెల్లోనూ, అంటే కుస్తీ శాలల్లోనూ, అదే పద్ధతి. తవ్వితే ఒళ్లు గట్టిపడుతుంది, పడబోయే నేల ఎలాంటిదో చేతికీ తెలుస్తుంది. మ్యాట్ మీద తవ్వేదేమీ లేదు కాబట్టి మనం పడి పడి ఆ నేలను తెలుసుకోవాలి.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. నేను మొదట చేరిన చోట పడటం నేర్పలేదు. ఒక రోజు చూపించారు, అంతే. రెండో వారంలోనే రండోరికి, అంటే ఇద్దరూ నిజంగా పడేయడానికి ప్రయత్నించే సాధనకు నిలబెట్టారు. నాకంటే ఇరవై కిలోలు ఎక్కువున్న అతను తన కాలితో నా కాలు లాగేస్తే పక్కకు పడుతూ, పడకూడదన్న పంతంతో చెయ్యి చాచి నేల మీద ఆనించాను. ఇద్దరి బరువూ ఆ చేతి మీద నుంచి భుజానికి వచ్చింది. కాలర్ బోన్ విరిగింది. ఏడు వారాలు చెయ్యి మెడకు కట్టుకుని తిరిగాను. మా అమ్మ హిందూపురం నుంచి వచ్చి జడ వేసేది. "ఆడపిల్లవు, ఇంకా ఆ పిచ్చి ఎందుకే" అని ఒక్కసారే అడిగింది, నేను ఏడ్చేశాను, మళ్లీ అడగలేదు.

కట్టు విప్పాక వేరే చోటికి వెళ్లాను. అక్కడి మాస్టర్ నా భుజం చూసి, "నెల రోజులు నిన్నెవరూ పడెయ్యరు, నువ్వే పడతావు" అన్నారు. నెల అన్నది ఆరు వారాలైంది. ఆయన నేర్పినట్టే ఇప్పుడు నేనూ నేర్పుతున్నాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

వెనక్కి పడటంతో మొదలు. ముందు మ్యాట్ మీద గొంతుక్కూర్చో. గడ్డం గుండెకు ఆనించి నీ బెల్టు ముడి చూడు. పడుతున్నంతసేపూ కళ్లు ఆ ముడి వదలకూడదు, వదిలావంటే తల వెనక్కి పోయి నేలకు కొట్టుకుంటుంది. చేతులు రెండూ ముందుకు చాచి, వీపు గిన్నెలా గుండ్రంగా చేసి వెనక్కి దొర్లు. వీపు తాకే క్షణంలోనే రెండు చేతులూ, అరచేతి నుంచి మోచేతి దాకా మొత్తం, మ్యాట్ మీద చరచాలి. చేతులు ఒంటికి మరీ దగ్గరా కాకుండా, భుజాలంత ఎత్తుకూ పోకుండా, చంకల దగ్గర చీపురు పట్టేంత సందు ఉంటే చాలు. అప్పుడే నోటితో గాలి వదులు. దీన్నే ఉకెమి అంటారు, ఇక్కడ అందరూ బ్రేక్‌ఫాల్ అంటారు. ఆ చరుపు ఎందుకంటే, పడిన జోరు ఒక్క ఎముక మీద పడకుండా చేతులంతా, వీపంతా పంచుకుంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. చరచడం అలవాటైన చెయ్యి నేలకు ఊతకర్రలా ఆనదు. నా చెయ్యి ఆ రోజు ఊతకర్రలా ఆనింది కాబట్టే కాలర్ బోన్ విరిగింది.

వారం రోజులకు గొంతుక్కూర్చునే చోట సగం లేచి పడతావు, తర్వాత నిలబడి. ఆ తర్వాత పక్కకు పడటం, కుడి వైపుకైతే కుడి చెయ్యి, కుడి కాలు. చివరికి ముందుకు దొర్లడం, అది అందరికీ భయం. చిటికెన వేలి అంచు నుంచి మోచెయ్యి, భుజం, అక్కడి నుంచి వీపు మీద ఏటవాలుగా అవతలి తుంటి దాకా ఒక చక్రంలా దొర్లాలి. మొదట్లో చక్రం తిరగదు, డబ్బా దొర్లినట్టు నాలుగు చోట్ల తగులుతుంది. ఎక్కడ తగిలిందో అక్కడ నువ్వు బిగుసుకున్నావని అర్థం. రెండో రోజుకు మోచేతులు ఎర్రగా కందుతాయి, మూడో రోజుకు మెడ ముందు కండరాలు నొప్పెడతాయి, తల ఎత్తి పట్టే పని అవి ఎప్పుడూ చేసి ఉండవు మరి. ఒక రోజు, బహుశా నాలుగో వారంలో, పడతావు, శబ్దం మాత్రం 'టప్' మని ఒక్కటే వస్తుంది, ఒంటికి ఏమీ తెలియదు. ఆ శబ్దం వినగానే నేను హాలు అవతలి చివర ఉన్నా తల తిప్పి చూస్తాను. దాని కోసమే నేర్పుతున్నాననిపిస్తుంది నాకు.

అక్కడి నుంచి అంతా మారుతుంది. పడటానికి భయపడేవాడు ఎదుటివాడి చొక్కా పట్టుకుని వేలాడతాడు, నడుం వెనక్కి విరుచుకుని నిలబడతాడు, ఏ విద్యా చేయలేడు, చేయనివ్వడు కూడా. భయం పోయినవాడు నిటారుగా నిలబడతాడు, తప్పులు చేస్తాడు, పడతాడు, లేస్తాడు, గంటలో ఇరవై పాఠాలు నేర్చుకుంటాడు. పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదని పెద్దవాళ్లు వేరే అర్థంలో అన్నారు కానీ మ్యాట్ మీద అది అక్షరాలా నిజం. చిత్తూరు నుంచి వచ్చి బాణసవాడిలో స్థిరపడ్డ ఒక రిటైరైన బ్యాంకు ఉద్యోగి నా దగ్గర ఎనిమిది నెలలు నేర్చుకున్నారు. పోటీలకు వెళ్లలేదు, బెల్టు మారలేదు. వానలో వాళ్ల అపార్ట్‌మెంట్ మెట్ల మీద కాలు జారి వెల్లకిలా పడ్డారు. మోచెయ్యి వాచి నల్లబడింది, తలకు గీత కూడా పడలేదు. ఆ చెయ్యి చూపించడానికే ఆ సాయంత్రం హాలుకు వచ్చారు.

చోటు ఎంచుకోవడం గురించి. ఈ ఊళ్లో మొదటి ప్రశ్న దూరమే. ట్రాఫిక్‌కు పేరుపడ్డ సిల్క్ బోర్డ్ కూడలి దాటి వెళ్లాల్సిన గొప్ప క్లాసు కంటే, నీ ఆఫీసు నుంచి పావుగంటలో చేరే మామూలు క్లాసు మేలు. ఇంటికి దగ్గర అనకుండా ఆఫీసుకు దగ్గర అంటున్నాను, గమనించు. ఇంటికెళ్లి, చెప్పులు విప్పి, సోఫాలో కూర్చున్నాక మళ్లీ లేచి క్లాసుకు వెళ్లడం ఔటర్ రింగ్ రోడ్డు దాటడం కంటే కష్టం. బ్యాగులో డ్రెస్ పెట్టుకుని ఆఫీసు నుంచి నేరుగా వెళ్లు.

చేరే ముందు ఒక క్లాసు మొత్తం పక్కన కూర్చుని చూడు. చూడనివ్వకపోతే అక్కడికక్కడే దండం పెట్టి వచ్చెయ్. కూర్చున్నాక మాస్టరును కాదు, ఆ హాల్లో అందరికంటే బలహీనంగా ఉన్న మనిషిని చూడు. అతనితో పాతవాళ్లు ఎలా ఆడుతున్నారు? అతను పడితే చెయ్యి అందిస్తున్నారా? అతను మ్యాట్‌ను రెండుసార్లు తడితే, అంటే చాలు అని సైగ చేస్తే, ఆ క్షణమే వదులుతున్నారా, ఇంకో అర సెకను పట్టి చూస్తున్నారా? ఆ అర సెకనులో ఆ హాలు గుణం మొత్తం ఉంటుంది. పిల్లల్ని బెల్టుతో కొట్టేవాళ్లు, "మా విద్య ప్రాణాలు తీస్తుంది కాబట్టి స్పారింగ్ (ఇద్దరు ఎదురెదురుగా తలపడే సాధన) చేయించం" అనేవాళ్లు, వేరే విద్యలన్నీ దండగ అనేవాళ్లు, ఏడాది ఫీజు ముందే కట్టమనేవాళ్లు, వీళ్లెవరి దగ్గరా నా వాళ్లను చేరనివ్వను. నెల నెలా కట్టు, లేదా మహా అయితే మూడు నెలలకు కట్టు.

ఏడాదిన్నరలో బ్లాక్ బెల్ట్ ఇస్తామన్నవాళ్ల సంగతి కూడా ఇందులోకే వస్తుంది. వద్దు. జూడోలో వారానికి మూడు రోజులు మానకుండా వచ్చే పెద్దవాళ్లకు మామూలుగా నాలుగైదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. బ్రెజిలియన్ జియుజిట్సులో పదేళ్ల దాకా పట్టడం మామూలే. ఇంకో సంగతి తెలుసా, ఈ రంగురంగుల బెల్టులు జపాన్ నుంచి మొదట రాలేదు. కానో పెట్టింది డాన్ల పద్ధతి, అంటే నల్ల బెల్టులోని మెట్లు, ఆ నల్ల బెల్టు. పసుపు, నారింజ, ఆకుపచ్చ అన్నవి 1930ల్లో పారిస్‌లో కవాయిషి అనే జూడో గురువు పేరుతో ప్రచారంలోకి వచ్చాయి. ఐరోపా శిష్యులకు ముందుకెళ్తున్నామన్న ఉత్సాహం కోసం. మంచి ఆలోచనే, నేనూ బెల్టు ఇచ్చేటప్పుడు వాళ్ల ముఖాలు చూసి సంతోషిస్తాను. మొదటి నల్ల బెల్టును షోడాన్ అంటారు. 'షో' అంటే ఆరంభం. అక్షరాలు దిద్దడం అయిపోయింది, ఇక చదువు మొదలు అని చెప్పే బెల్టు అది. ఆరంభాన్ని ముగింపు అని అమ్మేవాళ్లకు డబ్బు ఇవ్వకు.

ఏ విద్య అన్న ప్రశ్నకు నీ స్వభావాన్ని బట్టి చెప్పాలి. ఒంటరిగా, తెల్లవారుజామున టెర్రస్ మీద సాధన చేసుకోవాలనిపించేవాడివైతే కరాటే. ఒకినావాలో పుట్టి, 1922లో ఫునకోషి గిచిన్ టోక్యోలో చూపించాక జపానంతా పాకింది. ఇందులో కిహోన్ (మూల కదలికలు), కతా (వరసగా కూర్చిన కదలికలు), కుమితే (ఇంకొకరితో తలపడటం) అని మూడు భాగాలు, మొదటి రెండూ ఒక్కడివే చేసుకోవచ్చు. జూడో అలా కాదు, ఇంకో మనిషి లేనిదే అడుగు పడదు. మనుషుల మధ్య ఉండటం నీకు ఇష్టమైతే, రోజంతా స్క్రీన్ ముందు ఒక్కడివే కూర్చునే ఉద్యోగం కాబట్టి, అది నీకు మంచిదనే నా నమ్మకం. పడటం మరీ భయమైతే జియుజిట్సు చూడు. కొడోకాన్ నుంచి వెళ్లిన మయెడా అనే జూడో వీరుడు బ్రెజిల్‌లో నేర్పిన జూడోయే గ్రేసీ కుటుంబం చేతిలో అలా మారింది, ఎక్కువ పని కింద కూర్చునో పడుకునో జరుగుతుంది. బాక్సింగ్‌తో, కాళ్లు, మోకాళ్లు, మోచేతులతోనూ కొట్టే థాయ్‌లాండ్ ముయే థాయ్‌తో ఒంటికి దమ్ము త్వరగా వస్తుంది, కానీ తలకు దెబ్బలు తగిలే స్పారింగ్‌కి తొందరపడొద్దు, మొదటి ఏడాది అసలు అవసరం లేదు. కర్రసాము మీద మనసుంటే తమిళుల సిలంబం నేర్పేవాళ్లు ఇక్కడా దొరుకుతారు. మణికట్టుకూ భుజాలకూ దాన్ని మించింది నేను చూడలేదు. ఒకటి చెప్తాను, మంచి మాస్టర్ దగ్గరున్న నీకు నచ్చని విద్య, చెడ్డ మాస్టర్ దగ్గరున్న నీకు నచ్చిన విద్య, ఈ రెండే ఎదురుగా ఉంటే కళ్లు మూసుకుని మొదటిది తీసుకో.

ఒంటి నొప్పుల గురించి. క్లాసు అయిన మర్నాటి కంటే దాని తర్వాతి రోజు ఎక్కువ నొప్పెడుతుంది, కంగారు పడకు, మూడు నాలుగు రోజుల్లో పోతుంది. కండకు వచ్చే నొప్పికీ కీలుకు వచ్చే నొప్పికీ తేడా తెలుసుకో. మోకాల్లో 'టక్' మని వినిపించి వాచినా, వేలు వంకర పోయినా, మర్నాడు తగ్గుతుందిలే అని ఊరుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లు. తలకు తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా, ఆ రోజుకు మ్యాట్ దిగెయ్, మాస్టర్ పర్లేదన్నా సరే. మన నిజామాబాద్ అమ్మాయి, బాక్సర్ నిఖత్ జరీన్ 2017లో భుజానికి దెబ్బ తగిలితే ఆపరేషన్ చేయించుకుని, రింగుకు దూరంగా ఉండి, మళ్లీ వచ్చింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. మానేదాకా ఆగడం కూడా శిక్షణలో భాగమే అనుకో.

దెబ్బల కంటే ఎక్కువమందిని మ్యాట్‌కు దూరం చేసేది ఇంకోటుంది, ఎవరూ చెప్పరు. తామర. చెమట, ఒకరి ఒంటికి ఒకరి ఒళ్లు, తడి మ్యాట్, వానాకాలం. మెడ మీదో, మోచేతి లోపలో, నడుం దగ్గరో గుండ్రంగా ఎర్రటి అంచుతో దురద మొదలవుతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మిక్స్‌డ్ క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, రాయగానే దురద తగ్గి మానినట్టే ఉంటుంది, లోపల ఫంగస్ మాత్రం ఇంకా పాకుతుంది. చర్మం డాక్టరుకు చూపించి, ఆయన చెప్పినన్ని రోజులూ మందు వాడు, తగ్గేదాకా క్లాసుకు వెళ్లకు, సిగ్గుపడకుండా మాస్టరుకు చెప్పు. క్లాసయ్యాక అరగంటలో స్నానం, డ్రెస్ ప్రతిసారీ ఉతకడం, టవల్ ఎవరితోనూ పంచుకోకపోవడం, గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవడం. ఈ నాలుగూ ఎదుటివాళ్ల మీద నీకున్న గౌరవం కింద లెక్క.

మీ ఆవిడ సంగతి. తప్పకుండా తీసుకెళ్లు. "పెళ్లయ్యాక ఈ కుస్తీలేంటి" అని మీ అమ్మగారు అంటున్నారని రాశావు. వీలైతే ఆవిడను ఒక రోజు హాలుకు తీసుకొచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టు. నా కాలర్ బోన్ అతుక్కున్నాక మా అమ్మను మాస్టర్ అలాగే కూర్చోబెట్టారు. ఆరేళ్ల పిల్లల నుంచి నెరిసిన జుట్టువాళ్ల దాకా పడి లేస్తుంటే రెండు గంటలు చూసింది. ఆ తర్వాత హిందూపురం నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా, తిన్నావా అన్న మాట తర్వాత, "ఈ రోజు ఎన్నిసార్లు పడ్డావే" అని అడిగేది.

ఆ హాల్లో ఇప్పటికే ఆడవాళ్లు ఉన్నారా, బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది ఉందా, మొదట్లో ఆడవాళ్లతోనే సాధన చేస్తానంటే ఒప్పుకుంటారా, ఇవి మీ ఆవిడే అడగాలి, జవాబు ఎలా ఇస్తున్నారో ఆమే చూడాలి. ఆమెకు ఏదైనా నచ్చకపోతే కారణం అడగకుండా ఆ చోటు వదిలెయ్యండి. ఒక్కపూట సెల్ఫ్ డిఫెన్స్ వర్క్‌షాప్ చాలదా అని కూడా అడిగావు. చాలదు. చెయ్యి విడిపించుకునే కిటుకు ఆ పూట వస్తుంది, నెలకు చేతులు మర్చిపోతాయి. గొంతెత్తి అరవడం, దూరంగా జరగడం, 112కి ఫోన్ చేయడం అక్కడ నేర్పితే అంతవరకు ఉపయోగం. ఇంకోటి, మీరిద్దరూ ఒకే క్లాసులో ఉంటే నువ్వు ఆమెకు నేర్పకు. ఆమె తప్పు చేస్తుంటే చూస్తూ ఊరుకో, చెప్పాల్సినవాళ్లు చెప్తారు. వారం ముందు నేర్చుకున్న భర్త మ్యాట్ మీద గురువైతే ఆ భార్య మూడో వారం రాదు, ఇది నేను చాలాసార్లు చూశాను.

మొదటి మూడు నెలలు వారానికి రెండు రోజులు చాలు. ఉత్సాహం కొద్దీ ఐదు రోజులు పెట్టుకోకు, కండ త్వరగా అలవాటు పడుతుంది, కీళ్లను పట్టి ఉంచే పట్టీలు (లిగమెంట్లు, టెండన్లు) నెమ్మదిగా గట్టిపడతాయి. క్లాసుకు రెండు గంటల ముందు తేలిగ్గా ఏదైనా తిను, రెండు ఇడ్లీలో అరటిపండో. డ్రెస్ వెంటనే కొనక్కర్లేదు, మొదటి రెండు వారాలు జేబులూ జిప్పులూ లేని ట్రాక్ ప్యాంటు, పాత ఫుల్ హ్యాండ్స్ టీషర్టు సరిపోతాయి. తర్వాత సింగిల్ వీవ్ (పలచటి నేత) గీ, అంటే జూడో డ్రెస్, ఒకటి తీసుకో, మందపాటిది మన వానాకాలంలో రెండు రోజులకు గానీ ఆరదు. ఉంగరం, మెళ్లో గొలుసు ఇంట్లో పెట్టి వెళ్లు. మానెయ్యాలనిపించే రోజులు వస్తాయి, ఎక్కువమందికి ఆరో వారం దగ్గర. అప్పుడు ఒళ్లు అలిసి ఉంటుంది, కొత్తదనం పోయి ఉంటుంది, వచ్చిందనుకున్నది రాకుండా పోతుంది. ఆ వారం వెళ్లి మూల కూర్చుని చూసినా సరే, వెళ్లు.

నువ్వు వెళ్లిన ఆ క్లాసుకే మళ్లీ వెళ్లమంటాను. ఆ పిల్ల నిన్ను జాగ్రత్తగా దించిన చోటు అది. పది నిమిషాలు ముందే వెళ్లి మాస్టర్‌తో, "పోయిన నెల మధ్యలో వెళ్లిపోయింది నేనే సార్, నాకు ముందు పడటం నేర్పండి" అను. మంచి మాస్టరైతే ఎందుకు వెళ్లిపోయావని అడగరు. వరుసలో వెనక ఎడమ మూల నిలబడు, అక్కడి నుంచి అందరి కాళ్లూ కనిపిస్తాయి. ఆ పిల్ల కనిపిస్తే నీ పేరు చెప్పి, తన పేరు అడుగు. ఇంటికొచ్చి వేడినీళ్ల స్నానం చేసి, ఆ రోజు ఎన్నిసార్లు పడ్డావో లెక్కపెట్టుకుని ఇక్కడే నాకు రాయి. నేను చూస్తుంటాను.